‘నైట్స్ ఆఫ్ హారర్’ బొమ్మలు జో షుస్టర్‌వేనా? ఆధారం ఎంత, అపవాదు ఎంత?

సిరాచుక్క:

కామిక్స్ చరిత్ర మీద తెలుగులో ఒక పెద్ద వ్యాసం సిద్ధమవుతోంది. అందులో ఒక భాగం ‘నైట్స్ ఆఫ్ హారర్’ గురించి. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1950ల మొదట్లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ చుట్టుపక్కల షాపుల్లో కౌంటర్ కింద నుంచి తీసి అమ్మిన చిన్న పుస్తకాలివి. కట్టేయడం, కొరడాలు, చిత్రహింసలు, వీటికి కామం కలిపి అల్లిన కథలు. మధ్యమధ్యలో బొమ్మలు. బొమ్మల మీద సంతకం లేదు. 1954లో న్యూయార్క్ నగరం కోర్టుకెళ్లింది, తర్వాత వీటిని నాశనం చెయ్యమని ఉత్తర్వు తెచ్చుకుంది. 2009లో క్రెయిగ్ యో అనే కామిక్స్ చరిత్రకారుడు, ఈ బొమ్మలు గీసింది జో షుస్టర్ అంటూ ఒక పుస్తకం వేశాడు. 1938లో అచ్చుకొచ్చిన సూపర్‌మ్యాన్‌ని జెర్రీ సీగెల్‌తో కలిసి పుట్టించిన షుస్టరే.

అడగాల్సినవి మూడున్నాయి. సంతకం లేని బొమ్మ ఫలానా ఆయనదని గీత తీరు చూసి ఎలా చెబుతారు, ఆ పద్ధతిలో ఎక్కడ బోల్తా పడతాం? న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 1954లో కుర్రాళ్లు చేసిన హత్యలకు ఈ పుస్తకాలే కారణమని చాలాచోట్ల రాసి ఉంది, అది ఎంతవరకు నిలుస్తుంది? కోర్టు అసలు ఏం తేల్చింది? ఒక్కొక్కరు ఒక్కోలా రాశారు.

కుంచెపని:

మొదటిదానికి నేను జవాబిస్తాను. ‘క్లార్క్ కెంట్ మొహమే ఉంది కాబట్టి షుస్టరే’ అన్న వాదనను వ్యాసంలో ముందు పెట్టకండి. ఆ బొమ్మల్లో క్లార్క్‌నీ (మామూలు మనిషి వేషంలో సూపర్‌మ్యాన్), అతని ప్రియురాలు లోయిస్ లేన్‌నీ, శత్రువు లెక్స్ లూథర్‌నీ పోలిన మొహాలు ఉన్నాయి, నిజమే. కానీ 1950ల నాటికి సూపర్‌మ్యాన్ మొహం అమెరికాలో పెన్సిలు పట్టిన ప్రతి కుర్రాడికీ కంఠతా వచ్చు. పలక దవడ, నుదుటి మీద ఉంగరం తిరిగిన జుట్టు ఎవరైనా దించేస్తారు. ఎక్కువమంది దించే బొమ్మలో పోలిక కనబడితే అది చాలా బలహీనమైన సాక్ష్యం.

చూడాల్సింది గీసేవాడు పట్టించుకోని చోట్లు. 1870లలో ఇటలీవాడు జొవాన్నీ మొరెల్లి పాత చిత్రాల మీద చేసిన పని ఇదే. మొహమూ భంగిమా కాదు, చెవి తమ్మె, గోళ్లు, వేళ్ల కణుపులు చూడమన్నాడు. మొహం గీసేటప్పుడు మనసంతా అక్కడే ఉంటుంది, ఎవరినైనా అనుకరించగలరు. చెవి దగ్గరకొచ్చేసరికి చెయ్యి తన అలవాటు ప్రకారం పోతుంది.

ముందు, పోల్చడానికి నికరమైన నమూనాలు కావాలి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ‘సూపర్‌మ్యాన్ పేజీ’ అంటే ‘షుస్టర్ పేజీ’ అనుకుంటారు. పని పెరిగాక షుస్టర్ క్లీవ్‌లాండ్‌లో స్టూడియో పెట్టాడు. పాల్ క్యాసిడీ, వేన్ బోరింగ్, లియో నోవాక్, జాన్ సికెలా లాంటి వాళ్లు అక్కడ గీశారు. చాలా పేజీల్లో షుస్టర్ చెయ్యి మొహాల వరకే ఉంటుంది, ఒళ్లూ వెనకదృశ్యమూ ఇంకొకరివి. 1942 నాటి పేజీలో చెవి తీసుకుని పోలిస్తే మీరు పోల్చేది సికెలా చెవి కావచ్చు. కాబట్టి షుస్టర్ తొలినాటి కామిక్స్, అంటే 1935లో వచ్చిన డాక్టర్ ఆకల్ట్, 1937 మార్చి ‘డిటెక్టివ్ కామిక్స్’ 1వ సంచికలో స్లామ్ బ్రాడ్లీ, 1938 జూన్ తేదీతో వచ్చిన ‘యాక్షన్ కామిక్స్’ 1వ సంచికలోని 13 పేజీలు, వీటి దగ్గర ఆగండి. 1948లో వచ్చిన ‘ఫన్నీమ్యాన్’ కాలం రీత్యా దగ్గరే అయినా అందులోనూ వేరేవాళ్ల చేతులున్నాయి.

నమూనాల నుంచి ఓ 20 మొహాలు, 20 చేతులు కత్తిరించుకోండి. అన్నిటినీ ఒకే కొలతకు తేవాలి. కంటి గీత నుంచి గడ్డం దాకా 10 సెంటీమీటర్లు అనుకుంటే పని సులువు. తర్వాత ట్రేసింగ్ కాగితం మీదనో, కంప్యూటర్‌లో పై లేయర్‌ని 40 శాతానికి పల్చబరిచో ఒకదాని మీద ఒకటి వేసి చూడండి. తొలినాటి షుస్టర్‌లో కన్ను దగ్గర ఆగి చూడండి. దట్టమైన కనుబొమ్మ, దాని కింద ఇరుకైన చీలిక లాంటి ఒక గీత, అంతే. కంటిపాప, తెల్లగుడ్డు ఏవీ ఉండవు, ఎండకు కళ్లు చికిలించినట్టుంటుంది. తరవాత వచ్చిన సహాయకులు ఆ కంటిని తెరిచి గుడ్డు చూపించారు. అదే చికిలింపు ఈ పుస్తకాల బొమ్మల్లో, సూపర్‌మ్యాన్‌తో ఏ పోలికా లేని పక్కపాత్రల మొహాల్లో కూడా ఉందా అని చూడాలి. హీరో పోలిక ఉన్న మొహంలో కనబడితే అనుకరణ అనొచ్చు. మూలనున్న ముసలాడి మొహంలో కనబడితే అలవాటు అనాలి.

ఇంకొకటి, పోలిక కోసం షుస్టర్‌ని మాత్రమే పెట్టుకుంటే ఏ బొమ్మైనా షుస్టర్‌లాగే కనబడుతుంది. అదే కాలంలో అదే బజారుకి గీసిన ఎరిక్ స్టాంటన్, జీన్ బిల్‌బ్రూల బొమ్మలు, స్టూడియో సహాయకుల బొమ్మలు కలపండి. పేర్లు తీసేసి, చెవి ముక్క ఒకటీ చెయ్యి ముక్క ఒకటీ మాత్రమే కనబడేలా కార్డులు చేసి, విషయం తెలియని మనిషికిచ్చి ‘ఒకే చేతివి ఒక కుప్ప పెట్టండి’ అనండి. మీకు ముందే జవాబు తెలుసు కాబట్టి ఆ పని మీరు చేయకూడదు.

పాతకాగితం:

కుంచెపని గారు చెప్పిన పద్ధతి బాగుంది. కానీ అది నెట్‌లో దొరికే జేపెగ్ మీద చేస్తే పనికిరాదు. ఎందుకంటే గీత మందమే మారిపోయి ఉంటుంది.

0.3 మిల్లీమీటర్ల గీత 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే 7 పిక్సెళ్లు వెడల్పు వస్తుంది. 150 డీపీఐలో రెండు కూడా రావు. రెండు పిక్సెళ్ల గీతలో కుంచె ఒత్తిడి ఎక్కడ పెరిగిందో ఎక్కడ సన్నబడిందో ఎవరూ చెప్పలేరు. అసలు ప్రతి గానీ, మంచి పునర్ముద్రణ గానీ 600కి తగ్గకుండా, కలర్‌లో, టిఫ్‌గా స్కాన్ చెయ్యండి. బ్లాక్ అండ్ వైట్ మోడ్ పెడితే యంత్రమే ఏది నలుపో నిర్ణయించేస్తుంది, సన్నగీతలు మాయమవుతాయి. పేజీ వెనక నల్ల కాగితం పెట్టండి, లేకపోతే అవతలి వైపు అక్షరాలు మొహం మీద నీడలా తేలతాయి.

స్కానర్ కంటే ముందు లూపు (చిన్న భూతద్దం) పట్టండి, 10 రెట్లు పెంచేది చాలు. అక్షరం అచ్చు నొక్కుడు కాగితం వెనక వేలికి తగిలితే, గీత అంచున సిరా గట్టులా పేరుకుంటే అది లెటర్‌ప్రెస్. చదునుగా, సమంగా ఉంటే ఆఫ్‌సెట్. బూడిదరంగు చోట్ల చుక్కల వరసలు కనబడితే హాఫ్‌టోన్ తెర వాడారన్నమాట. అప్పుడు ఆ చోట గీత ‘గీసినవాడిది’ కాదు, కెమెరా చుక్కలుగా విడగొట్టింది. అలాంటి చోటు నుంచి చేతి తీరు తేల్చకండి. ఇలా చుక్కలున్న బొమ్మను తక్కువ డీపీఐలో స్కాన్ చేస్తే పట్టుచీర నేత లాంటి అలలు వస్తాయి. వాటిని తీసేసే డీస్క్రీన్ బటన్ నొక్కితే బొమ్మ నున్నగా అవుతుంది, అసలు గీత కూడా నున్నగా అయిపోతుంది. డీస్క్రీన్ చేసిన ప్రతి చూపించడానికే, పోల్చడానికి ముడి స్కాన్.

చాటున వేసిన పుస్తకాలతో ఇంకో చిక్కు. వేసిన పుస్తకాన్నే మళ్లీ ఫొటో తీసి ప్లేటు చేస్తే ప్రతి తరానికీ గీత లావెక్కుతుంది, సందులు పూడిపోతాయి. రెండు ప్రతులు దొరికితే ఒకే బొమ్మలో వేళ్ల మధ్య సందులు కొలవండి. సందు ఎక్కడ వెడల్పుగా ఉంటే ఆ ప్రతి అసలుకు దగ్గర.

పుస్తకం చేతికొస్తే తుప్పు పట్టిన పిన్నులు లాగకండి. పలచటి గరిటెతో కాళ్లు లేపి, ఒక్కో పేజీ విడిపించాలి. నాసిరకం గుజ్జు కాగితం ఆమ్లంతో పెళుసెక్కి ఉంటుంది, 90 డిగ్రీల కంటే ఎక్కువ తెరిస్తే వెన్ను దగ్గర చిట్లిపోతుంది. పీవీసీ కవర్లో పెట్టొద్దు, పాలిస్టర్ కవర్ వాడండి. మన పాత తెలుగు వారపత్రికలకూ ఇదే వైద్యం.

ముఖాల పోలిక బలహీనమన్న మాటతో మాత్రం నేను పూర్తిగా ఏకీభవించను. ఒక మొహం అయితే సరే. క్లార్క్, లోయిస్, లూథర్ పోలికలు పుస్తకం తర్వాత పుస్తకంలో కలిసి రావడం ఒకడి అనుకరణ కంటే ఒకడి అలవాటుకే దగ్గరగా ఉంటుంది.

కుంచెపని:

ఒప్పుకుంటాను. కలిసి రావడం బలమే. కానీ దాన్ని రెండో సాక్ష్యంగా పెట్టాలి, మొదటిది చెవీ చెయ్యీ కన్నూ. నా పట్టుదల అంతవరకే.

ఆధారంచూపండి:

హత్యల సంగతికి వద్దాం. ఇక్కడ తేదీలు వరసగా పెట్టుకుంటే సగం గందరగోళం తీరుతుంది.

ఫ్రెడ్రిక్ వెర్థామ్ అనే మానసిక వైద్యుడు కామిక్స్ మీద రాసిన పుస్తకం 1954 వసంతంలో వచ్చింది. అమెరికా సెనేట్ ఉపసంఘం న్యూయార్క్‌లో కామిక్స్ మీద విచారణ జరిపింది ఏప్రిల్ 21, 22, జూన్ 4 తేదీల్లో. బ్రూక్లిన్‌లో నలుగురు కుర్రాళ్లు పార్కుల్లో అమ్మాయిల్ని కొరడాతో కొట్టారు, దిక్కులేని మగవాళ్ల మీద పడి ఇద్దరి ప్రాణం తీశారు. వాళ్లు దొరికింది అదే ఏడాది ఆగస్టులో. నైట్స్ ఆఫ్ హారర్ మీద నగరం ఫిర్యాదు సెప్టెంబర్ 10న. కామిక్స్ కోడ్ అక్టోబర్‌లో. అంటే ‘ఈ పుస్తకాల వల్ల సెనేట్ విచారణ జరిగింది’ అన్న వాక్యం ఎక్కడ కనబడినా కొట్టేయండి. విచారణ నాటికి ఆ కుర్రాళ్లు అరెస్టు కూడా కాలేదు. ఇంకో పొరపాటు, వీటిని కామిక్స్ అనడం. ఇవి గళ్లలో గీసిన కథలు కావు, కథ, పక్కన బొమ్మ. కోడ్ వీటిని ముట్టుకోనేలేదు, ఎందుకంటే అది కామిక్స్ ప్రచురణకర్తలు తమకు తాము పెట్టుకున్న కట్టుబాటు. కౌంటర్ కింద సరుక్కి ఆ ముద్రతో పనిలేదు.

ఆ నలుగురిలో పెద్దవాణ్ణి వెర్థామ్ పరీక్షించాడు. నైట్స్ ఆఫ్ హారర్ పేరు ఆ నేరాలకు అతుక్కుంది ఆ దారినే. మీరు రాయగలిగింది ‘చదివాడని వెర్థామ్ చెప్పాడు’ వరకే. ‘చదివాడు కాబట్టి చేశాడు’ అనాలంటే ఇంకా చాలా కావాలి. అవే పుస్తకాలు కొన్న మిగతావాళ్లు ఏం చేశారు? ఆ కుర్రాడిలో హింస పుస్తకం కంటే ముందే ఉందా? ఒక నేరస్థుణ్ణి పట్టుకున్నాక అతని గదిలో ఏముందో చూసి కారణం వెతికితే ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది.

వెర్థామ్ కాగితాలు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, 2010లో పరిశోధకులకు తెరిచారు. కెరొల్ టిల్లీ వాటిని ఆయన కామిక్స్ పుస్తకంతో పోల్చి 2012లో ఒక పరిశోధనా వ్యాసం వేసింది. పిల్లల మాటలు మార్చడం, ఇద్దరు ముగ్గురి కేసుల్ని కలిపి ఒకటి చేయడం, తాను చూడని వాళ్లను చూసినట్టు రాయడం బయటపడ్డాయి. ఇది కామిక్స్ పుస్తకం గురించి, బ్రూక్లిన్ పరీక్ష గురించి కాదు. ఆ తేడా చెరిపేయకండి. అలాగని వెర్థామ్‌ను విలన్‌గా నిలబెట్టడమూ అన్యాయమే. 1946లో హార్లెంలో నల్లజాతి పేదల కోసం లఫార్గ్ క్లినిక్ పెట్టినవాడు ఆయన. బడుల్లో జాతి విభజన పిల్లల మనసును ఎలా గాయపరుస్తుందో డెలవేర్ కేసులో సాక్ష్యం చెప్పినవాడు. పిల్లల మీద శ్రద్ధ నిజమైనదే, సాక్ష్యం వాడుకున్న తీరు తప్పు.

ఇంకా, ‘సూపర్‌మ్యాన్‌ను లాగేసుకున్న కంపెనీ మీద పగతో గీశాడు’ అని కూడా చాలామంది రాస్తారు. తెలిసిన సంగతులు ఇవి. 1938లో సూపర్‌మ్యాన్ హక్కుల్ని ఇద్దరూ 130 డాలర్లకు రాసిచ్చారు. 1947లో కోర్టుకెక్కి, 1948లో రాజీ పడ్డారు, పని పోయింది. షుస్టర్ చూపు తగ్గుతూ వచ్చింది. డబ్బు అవసరం అర్థమవుతుంది. పగ మాత్రం మన ఊహ. 2009 పుస్తకం వచ్చేనాటికి ఆయన పోయి 17 ఏళ్లు, అడిగే వీలే లేదు.

నల్లకోటు:

కోర్టు సంగతి. కేసు పేరు ‘కింగ్స్‌లీ బుక్స్ వర్సెస్ బ్రౌన్’, అమెరికా సుప్రీంకోర్టు, 1957 జూన్ 24.

ఇందులో ఎవరి మీదా క్రిమినల్ కేసు లేదు. న్యూయార్క్ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 22-ఎ సెక్షన్ ప్రకారం నగరం అడిగింది రెండే: అమ్మకుండా ఇంజంక్షన్ (ఆపే ఉత్తర్వు), ఉన్నవాటి నాశనం. ఫిర్యాదుకు 14 పుస్తకాలు జతచేశారు. షాపులవాళ్లు తాత్కాలిక ఇంజంక్షన్‌కు ఒప్పుకున్నారు. అడిగితే ఒక్కరోజులో విచారణ, ముగిశాక రెండు రోజుల్లో తీర్పు వచ్చే హక్కు ఆ సెక్షన్‌లోనే ఉంది, వాళ్లు త్వరపడలేదు. జడ్జి ఆ 14ని అశ్లీలమన్నాడు, నాశనం చెయ్యమన్నాడు. రాబోయే సంచికల్ని కూడా ఆపమంటే మాత్రం కుదరదన్నాడు, తన ముందు లేని పుస్తకాన్ని ఆపితే అది పత్రికా స్వేచ్ఛ మీద ముందస్తు నిషేధం అవుతుందని. ఈ భాగాన్ని ఎవరూ రాయరు, మీరు తప్పక రాయండి.

పై కోర్టులకు వెళ్లేటప్పుడు షాపులవాళ్లు ‘ఇవి అశ్లీలం కాదు’ అని వాదించలేదు. ‘ఈ సెక్షనే రాజ్యాంగ విరుద్ధం’ అని మాత్రమే వాదించారు. కాబట్టి ‘సుప్రీంకోర్టు షుస్టర్ బొమ్మల్ని అశ్లీలమని తేల్చింది’ అని రాస్తే తప్పు. ఆ ప్రశ్న దాని ముందుకు రానేలేదు. షుస్టర్ పేరు కూడా రాలేదు, ఆయన ఇందులో పార్టీ కాడు. 5-4తో సెక్షన్ చెల్లుతుందన్నారు. మెజారిటీ తీర్పు ఫ్రాంక్‌ఫర్టర్‌ది. అమ్మేవాణ్ణి ముందే జైల్లో వేసే క్రిమినల్ కేసు కంటే, పుస్తకం అశ్లీలమో కాదో ముందు తేల్చే ఈ దారి నయమన్నాడు.

విభేదించిన నలుగురిలో ప్రధాన న్యాయమూర్తి వారెన్ మాట మీ వ్యాసానికి ప్రాణం. ఇక్కడ మనిషిని కాదు, పుస్తకాన్ని బోనులో నిలబెట్టారన్నాడు. అదే వస్తువు ఎవరి చేతిలో, ఏ సందర్భంలో ఉందన్నదాన్ని బట్టి దాని ప్రభావం మారుతుంది. చూడాల్సింది మనిషి నడవడి గానీ బొమ్మ నాణ్యత కాదు. ఇలా నాశనం చెయ్యడంలో పుస్తక దహనం వాసన ఉందన్నాడు. గీసినవాడెవరో తెలియని ఈ కేసుకి ఆ మాట ఎంత సరిపోయిందో చూడండి.

అదే రోజు అదే కోర్టు ‘రాత్’ కేసులో అశ్లీలానికి కొత్త కొలత పెట్టింది: మొత్తంగా తీసుకుంటే, ఆ కాలపు సమాజ ప్రమాణాల ప్రకారం, సగటు మనిషికి ఎలా అనిపిస్తుంది. అంతకు ముందు ఇంగ్లండ్ నుంచి వచ్చిన 1868 నాటి హిక్లిన్ కొలతలో ఒక పేజీ చాలు, బలహీన మనస్కుడు చెడిపోతాడేమో అన్న భయం చాలు. మన దేశంలో హిక్లిన్‌ను సుప్రీంకోర్టు రంజిత్ ఉదేశి కేసులో నిలబెట్టింది. అక్కడ శిక్ష పడింది బొంబాయిలో బుక్‌స్టాల్ యజమానికి. 2014లో అవీక్ సర్కార్ కేసులో హిక్లిన్‌ను పక్కనపెట్టి సమాజ ప్రమాణాల కొలత తీసుకుంది. 1957 జూన్ 24 నాటి ‘రాత్’ కొలత మనదాకా రావడానికి 57 ఏళ్లు పట్టింది.

తెలుగువాళ్లకు పుస్తకాన్ని బోనెక్కించడం కొత్త కాదు. ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ను బెంగళూరు నాగరత్నమ్మ 1910లో వావిళ్లవారి చేత వేయిస్తే బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం హయాంలో గానీ అది తొలగలేదు. అక్కడ హింస లేదు, పోలిక పద్ధతి వరకే.

సిరాచుక్క:

అందరికీ చాలా కృతజ్ఞతలు. తేదీల వరస వల్ల నా డ్రాఫ్ట్‌లో రెండు పేరాలు తీసేయాల్సి వచ్చింది. ఇంకొక్కటి: వ్యాసం పత్రికలోనూ వెబ్‌లోనూ వస్తుంది. బొమ్మలు వేయొచ్చా?

నల్లకోటు:

అచ్చులో అయితే ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 294, పాత 292కు బదులు. మొదటిసారి రుజువైతే రెండేళ్ల వరకు జైలు, 5,000 వరకు జరిమానా. శాస్త్రం, సాహిత్యం, కళ, విద్య కోసం లోకహితంగా వేశామని రుజువు చేస్తే మినహాయింపు ఉంది. కానీ రుజువు చెయ్యాల్సింది మీరే, అదీ కేసు పెట్టాక. వెబ్‌లో ఐటీ చట్టం 67 వర్తిస్తుంది: మూడేళ్ల వరకు, 5 లక్షల వరకు. లైంగిక చర్య స్పష్టంగా ఉంటే 67ఎ: ఐదేళ్ల వరకు, 10 లక్షల వరకు. కాబట్టి పూర్తి పేజీ బొమ్మ వద్దు. అసలు పుస్తకాన్ని విదేశం నుంచి పోస్టులో తెప్పించుకోవడమూ వద్దు, కస్టమ్స్‌లో ఆపేయొచ్చు.

కుంచెపని:

వాదనకు పూర్తి బొమ్మ అవసరం కూడా లేదు. 1938 పేజీ నుంచి కన్ను ఒకటి, ఈ పుస్తకం నుంచి కన్ను ఒకటి, స్టాంటన్ నుంచి ఒకటి. మూడూ 4 సెంటీమీటర్ల చదరాలుగా, ఒకే కొలతలో, పక్కపక్కన. కింది వరసలో మూడు చెవులు. ప్రతి ముక్క కింద ఏ సంచిక, ఏ పేజీ, ఏ డీపీఐ స్కాన్ అన్నది రాయండి. పాతకాగితం గారన్నట్టు చుక్కల తెర ఉన్న ముక్కైతే అది కూడా. మూడో కన్ను మాత్రం మానొద్దు. అది లేకపోతే పాఠకుడు పోల్చలేడు, మీరు చెప్పింది నమ్మడం తప్ప అతనికి దారుండదు.